మ్యూజిక్ సిస్టమ్ మార్చే ముందు: కారు బ్లూటూత్ కాల్స్‌తో నా ఏళ్ల అనుభవం

నా కారు 2019లో కొన్నది. కంపెనీ నుంచే అమర్చి వచ్చిన టచ్ స్క్రీన్ సిస్టమ్, స్టీరింగ్ మీద ఫోన్ ఎత్తడానికీ పెట్టేయడానికీ బటన్లు ఉన్నాయి. నేను భవన నిర్మాణ పనులు చూసుకుంటాను. ఇల్లు హైదరాబాద్ నాగోల్‌లో, పనులేమో తెల్లాపూర్, కొల్లూరు వైపు. పొద్దున బయల్దేరింది మొదలు దారంతా ఫోన్లే. ఇసుక లారీ ఎక్కడిదాకా వచ్చిందో చెప్పేవారు, స్లాబ్ ఎప్పుడు వేయాలని అడిగే మేస్త్రీ, ఫ్లాటు ఎప్పుడు అప్పగిస్తారని అడిగే కొనుగోలుదారులు. కారులో మాట స్పష్టంగా వినిపించకపోతే నాకు పని ఆగిపోతుంది. అందుకే ఈ బ్లూటూత్ కాల్స్ సదుపాయం గురించి వివరంగా రాస్తున్నాను.

నా తీర్పు ముందే చెబుతాను. సిస్టమ్ బాగుంది, నమ్మదగినది. కానీ ఇబ్బంది పెట్టినప్పుడు ఎక్కడ చూడాలో తెలిసి ఉండాలి. సర్వీస్ సెంటర్‌లో అడిగినా, కార్ డెకార్స్ దుకాణంలో అడిగినా నాకు వచ్చిన సలహా ఒకటే: "సిస్టమ్ పోయింది సార్, కొత్తది వేసుకోండి." ఈ మధ్యలో నా ఫోన్లు మారాయి, సిస్టమ్ మాత్రం మారలేదు. ఈ రోజుకీ చక్కగా పనిచేస్తోంది.

ఫోనుకూ కారుకూ మధ్య ఉండే ఒకే బ్లూటూత్ బంధం మీద మూడు పనులు విడివిడిగా సాగుతుంటాయి. మాటలకు హెచ్ఎఫ్‌పీ అనే పద్ధతి ఉంది. పాటలకు ఏ2డీపీ ఉంది. ఫోనులోని పేర్లు, కాల్ జాబితా కారు తెర మీదికి రావడానికి పీబీఏపీ ఉంది. ఒకటి ఆగిపోయినా మిగతా రెండూ నడుస్తూనే ఉంటాయి. పాటలు వస్తున్నాయి, కాల్ మాత్రం ఫోనులోనే మోగుతోంది అంటే రేడియో బంధం బాగానే ఉన్నట్టు. మాటల పద్ధతి ఒక్కటే తెగింది. కాల్ వస్తోంది, పేరుకు బదులు నంబరు కనిపిస్తోంది అంటే పేర్ల అనుమతి పోయినట్టు. ఆండ్రాయిడ్ ఫోనులో బ్లూటూత్ సెట్టింగుల్లోకి వెళ్లి కారు పేరు పక్కనున్న గుర్తు నొక్కితే కాల్స్‌కు, మీడియాకు, కాంటాక్ట్స్‌కు వేర్వేరు మీటలు కనిపిస్తాయి. ఐఫోనులో అయితే కారు పేరు పక్కనున్న 'ఐ' గుర్తులో కాంటాక్ట్స్ సింక్ చేసే మీట ఉంటుంది. నా ఇబ్బందుల్లో సగానికి సగం ఈ మీటల దగ్గరే తీరిపోయాయి. ఏది ఆగింది అనే ప్రశ్న ముందు వేసుకోండి. "అంతా పోయింది" అనుకుంటే అనవసరపు ఖర్చులోకి దిగుతారు.

ఫోనుకు పెద్ద అప్‌డేట్ వచ్చిన తర్వాత కారు కనెక్ట్ కాకపోవడం అందరికీ అనుభవమే. దీనికి కారణం చాలా సులభం. మొదటిసారి జత కలిపినప్పుడు ఫోనూ కారూ ఒక రహస్య తాళాన్ని పంచుకుని, చెరొక ప్రతిని దాచుకుంటాయి. ఒకవైపు ప్రతి పోయినా పాడైనా రెండోవైపు పాత తాళంతోనే ప్రయత్నిస్తూ ఉంటుంది. ఫోనులో ఒక్కచోట తీసేసి మళ్లీ కలిపితే చాలదు. కారు జాబితాలోంచి ఫోను పేరు తీసేయాలి, ఫోనులోంచి కారు పేరు తీసేయాలి, రెండూ చేయాలి. తర్వాత ఫోను ఆపి వెలిగించాలి. కారు ఇంజిన్ ఆపి, డ్రైవర్ తలుపు తెరిచి దిగాలి. చాలా కార్లలో తలుపు తెరిచేదాకా సిస్టమ్ పూర్తిగా నిద్రపోదు. కొన్ని నిమిషాలాగి, బండి కదలకుండా ఉన్నప్పుడే జత కలపాలి, ఎందుకంటే బండి నడుస్తుండగా పెయిరింగ్‌ను అనుమతించని సిస్టమ్‌లు చాలా ఉన్నాయి. రెండు తెరల మీదా ఒకే ఆరంకెల సంఖ్య కనిపించాలి. ఆ వెంటనే ఫోను కాంటాక్ట్స్ ఇవ్వాలా అని అడుగుతుంది. తొందరలో చాలామంది అక్కడ వద్దు అని నొక్కేస్తారు. పేర్లు రాకపోవడానికి మొదటి కారణం అదే.

జాబితా నిండిపోవడం ఇంకొకటి. కారు గుర్తుంచుకునే ఫోన్ల సంఖ్యకు హద్దు ఉంటుంది. సర్వీసుకు తీసుకెళ్లినవారి ఫోను, పండక్కి వచ్చిన బావమరిది ఫోను, ఇప్పుడు ఎవరి దగ్గరా లేని పాత ఫోను అన్నీ అందులో ఉండిపోతాయి. అప్పుడప్పుడు ఖాళీ చేయండి. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవారైతే మొదటి రోజే అన్నిటినీ తుడిచేయాలి, పాత యజమాని కాంటాక్ట్స్‌తో సహా. ఇంకో చిన్న సూచన: పెద్ద అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒకే రకం కార్లు చాలా ఉంటే ఫోనులో అన్నిటికీ ఒకే పేరు కనిపిస్తుంది. సెట్టింగుల్లో మీ కారుకు వేరే పేరు పెట్టుకోండి.

ఇక అసలైన బాధ, అవతలివారికి మన మాట వినిపించకపోవడం. మనకు వారి గొంతు కారంతా నిండుగా వినిపిస్తుంది, కాబట్టి లోపం మనవైపు ఉందని అనిపించదు. మా సెంట్రింగ్ మేస్త్రీ ఒకసారి "సార్, మీరు బావిలోంచి మాట్లాడుతున్నట్టు ఉంది" అన్నాడు. నా కారులో మైకు పైకప్పుకు, చదువుకునే లైటు పక్కన చిన్న రంధ్రంలో ఉంది. కొన్ని కార్లలో స్టీరింగ్ వెనకో, తెర అంచునో ఉంటుంది. మీ కారులో ఎక్కడుందో కారుతో వచ్చిన పుస్తకంలో (ఓనర్స్ మాన్యువల్) చూసి తెలుసుకోండి, చాలామందికి తెలియదు. మైకుకు పెద్ద శత్రువు ఏసీ గాలి. హైదరాబాద్ ఏప్రిల్, మే ఎండల్లో బండి ఎక్కగానే బ్లోయర్ పూర్తిగా పెంచుతాం, మధ్య వెంట్లను పైకి తిప్పుతాం. ఆ గాలి అద్దాన్నీ పైకప్పునూ తాకి నేరుగా మైకు మీదికి వెళ్తుంది. అవతలివారికి హోరు తప్ప మాట అందదు. వెంట్లను కాస్త కిందికి, పక్కలకు తిప్పి, కాల్ వచ్చినప్పుడు బ్లోయర్ ఒకటి రెండు మెట్లు తగ్గిస్తే తేడా వెంటనే తెలుస్తుంది. నా వంటి నిర్మాణ పనుల మనుషులకు దుమ్ము రెండో శత్రువు. మైకు రంధ్రాన్ని పొడి మెత్తటి బ్రష్‌తో దులిపించుకుంటాను. ద్రవాలేవీ దాని మీద చల్లనివ్వను. వానాకాలంలో పైకప్పు మీద జోరువాన మోత మాత్రం ఎవరూ ఆపలేరు. అప్పుడు పక్కన ఆపి మాట్లాడటమే సరైనది.

దీన్ని పరీక్షించే పద్ధతి ఒకటుంది. ఇంట్లోవారికి ఫోన్ చేసి, బండి ఆపి ఉంచి, మొదట ఇంజిన్ లేకుండా మాట్లాడండి. తర్వాత ఇంజిన్‌తో, తర్వాత ఏసీతో, చివరికి బ్లోయర్ పూర్తిగా పెంచి మాట్లాడండి. ఏ మెట్టు దగ్గర మాట చెడుతోందో వారే చెబుతారు. మొదటి మెట్టులోనే చెడితే మైకు చూపించాలి. మైకు ఒక్కటే మార్చడం సిస్టమ్ మొత్తం మార్చడం కంటే ఎంతో చవక.

అవతలివారికి వారి గొంతే తిరిగి వినిపిస్తుంటే దాన్ని ఎకో అంటాం. కారు స్పీకర్లలోంచి వచ్చే మాట మైకులోకి వెళ్లడం వల్ల అది వస్తుంది. కాల్ నడుస్తుండగానే కారు వాల్యూమ్ తగ్గించి చూడండి. పాటల వాల్యూమ్ వేరు, కాల్ వాల్యూమ్ వేరు అని గుర్తుంచుకోండి.

మాట స్పష్టంగానే ఉన్నా గొంతు మొద్దుబారినట్టు ఉందంటే దానికి కారణం వేరు. పాత హెచ్ఎఫ్‌పీలో మాటను సెకనుకు 8 వేల నమూనాలుగా తీసుకుంటారు. 2011లో వచ్చిన 1.6 వెర్షన్ దాన్ని 16 వేలకు పెంచింది. నమూనాలు ఎక్కువైతే గొంతు మరింత సహజంగా వినిపిస్తుంది. ఫోనులో 4జీ మీద హెచ్‌డీ గొంతు వస్తున్నా కారు పాత పద్ధతిదైతే కారులో తేలిపోతుంది. దీనికి సెట్టింగుల్లో మందు లేదు. నేను దీన్ని అంగీకరించి వాడుతున్నాను, పనికి అడ్డు రాలేదు.

రెండు ఫోన్ల సంగతికి వద్దాం. నేనూ నా భార్యా కలిసి బయల్దేరితే కారు ఒక్కోసారి ఆమె ఫోనును ముందు పట్టుకుంటుంది. సిస్టమ్‌లో ఫోన్లకు ప్రాధాన్యం నిర్ణయించే సెట్టింగ్ ఉంటే డ్రైవర్ ఫోనును మొదట పెట్టండి. చేతికి బ్లూటూత్ వాచీ ఉంటే కాల్ దాని మీదికి వెళ్లిపోయి కారు మూగబోతుంది. వాచీలో కాల్స్ మీట ఆపేస్తే సరిపోతుంది. రెండు సిమ్‌లు ఉన్నవారికి మరో చిక్కు ఉంది. కారు తెర మీద పేరు నొక్కితే డయల్ కానట్టే అనిపిస్తుంది, నిజానికి ఏ సిమ్ అని ఫోను అడుగుతూ ఆగి ఉంటుంది. జేబులోని ఫోనును ఎవరు చూస్తారు? కాల్స్‌కు ఒక సిమ్‌ను స్థిరంగా ఎంచుకోండి.

నన్ను నిజంగా బాధించేది తెలుగు పేర్ల సంగతి. నా ఫోనులో మేస్త్రీల పేర్లు, ఊరి బంధువుల పేర్లు తెలుగులోనే రాసుకున్నాను. కారు తెర మీద అవన్నీ ఖాళీ డబ్బాలు. ఫోను పేర్లను సరిగానే పంపుతుంది, కారు సిస్టమ్‌లో తెలుగు ఫాంటు లేదు. తెలుగు రాష్ట్రాల్లో ఇన్ని కార్లు అమ్ముతూ ఒక ఫాంటు చేర్చకపోవడం అన్యాయం. దీని గురించి సర్వీసుకు వెళ్లినప్పుడల్లా ఫిర్యాదు రాస్తున్నాను, మీరూ రాయండి. అప్పటిదాకా తరచూ చేసే నంబర్లకు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో మరో పేరు చేర్చుకున్నాను. మిగతావి తెలుగులోనే ఉంచాను.

కాల్ మధ్యలో తెగితే తప్పు బ్లూటూత్‌దో నెట్‌వర్క్‌దో తేల్చుకోవాలి. కారు తెర మీద కనిపించే సిగ్నల్ గీతలు ఫోను పంపినవే. సెల్లార్‌లోకి దిగగానే గీతలు పడిపోయి కాల్ తెగితే అది టవర్ సంగతి. గీతలు నిండుగా ఉండి, మాట మాత్రం ఫోనులోకి వెళ్లిపోతే అది బ్లూటూత్ సంగతి. అప్పుడు కారులో ఇటీవల కొత్తగా ఏం పెట్టారో చూడండి. బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తుంది, చాలా డాష్‌క్యామ్‌ల (దారిని రికార్డు చేసే కెమెరాల) వైఫై కూడా అక్కడే నడుస్తుంది. నాసిరకం చార్జర్లూ రేడియో రొద చేస్తాయి. ఒక్కొక్కటీ తీసి చూస్తే దొరుకుతుంది. ఎండలో డాష్‌బోర్డు మీద పెట్టిన ఫోను వేడెక్కి తనంతట తాను నెమ్మదించడం కూడా ఇక్కడ మామూలే, ఏసీ గాలి తగిలే చోట పెట్టండి.

ఇంతా చేసినా సిస్టమ్ బిగుసుకుపోతే దాని ఫ్యూజు తీసి కాసేపాగి పెట్టడం పనిచేస్తుంది. కొన్ని సిస్టమ్‌లు తర్వాత కోడ్ అడుగుతాయి, అది దగ్గర ఉంచుకునే ఆ పని చేయండి. ఫోనులో నెట్‌వర్క్ సెట్టింగుల రీసెట్ చివరి మెట్టు. దాంతో వైఫై పాస్‌వర్డులన్నీ పోతాయి.

చేతిలో ఫోను పట్టుకుని నడపడాన్ని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రమాదకర డ్రైవింగ్‌గా చూస్తుంది. హ్యాండ్స్‌ఫ్రీ ఉన్నా పెద్ద మాటలుంటే ఔటర్ రింగ్ రోడ్డు మీద నేను మాట్లాడను. "దిగాక చేస్తాను" అని పెట్టేస్తాను.

కొత్త కారు కొనేవారు షోరూమ్‌లో ఈ పరీక్ష తప్పకుండా చేయండి. మీ ఫోనునే జత కలిపి, బ్లోయర్ పూర్తిగా పెంచి, ఇంట్లోవారికి ఫోన్ చేసి మాట్లాడండి. తెలుగులో రాసిన ఒక పేరు తెర మీద ఎలా కనిపిస్తుందో చూడండి. సేల్స్ మనిషి తన ఫోనుతో చూపించేదాన్ని లెక్కలోకి తీసుకోకండి, ఆ ఫోను ఆ కారుతో ఎప్పుడో జతపడి ఉంటుంది.