నాలుగేళ్లు, 60 వేల కిలోమీటర్లు: కారు బాగుంది, ఘాట్ మాత్రం కనబడకుండా పోయింది

మాది ఒడిశాలో కొరాపుట్ జిల్లా జయపురం. అత్తవారిల్లు విశాఖలో. నెలకి రెండుసార్లు ఆ రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు వెళ్లి రావడం తప్పదు. అందుకే నాలుగేళ్ల కిందట ఆటోమేటిక్ గేర్లూ ఆటోమేటిక్ ఏసీ ఉన్న డీజిల్ కారు కొన్నాను. మొన్ననే మీటరు 60 వేలు దాటింది. కంపెనీ పేరెందుకులెండి, ఈ ధరలో వచ్చే కార్లన్నీ ఇంచుమించు ఇంతే.

మైలేజీ దారిలో వచ్చే సుంకి ఘాట్ రోడ్డులో 13, సాలూరు దిగాక 18 దాకా వస్తోంది. ముందు సాలూరు లారీ మూలుగుతూ ఎక్కుతున్నా, వెనక మనకి క్లచ్ తొక్కే బాధ లేదు. అన్నిటికంటే పెద్ద లాభం మా అమ్మకి. బస్సులో అయితే సుంకి మలుపులు మొదలవగానే చేతిలో నిమ్మకాయ, ఒళ్లో కవరు సిద్ధంగా ఉండేవి. కారులో ఇప్పటిదాకా ఒక్క వాంతి లేదు. పెట్టిన డబ్బు దానికే సరిపోయిందనుకున్నాను.

తేడా ఎక్కడొచ్చిందంటే, ఓ రోజు ఆఫీసులో ఒకాయన "వలిసెలు పూశాయా?" అని అడిగాడు. ముందురోజే పొట్టంగి, సెమిలిగూడ మీదుగా వచ్చాను. నూనె గింజల కోసం వేసే ఆ వలిసెలతో రోడ్డు పక్క చేలన్నీ పసుపుపచ్చగా పూసే కాలం. చూశానో లేదో గుర్తే లేదు. దేవమాలి, ఒడిశా మొత్తానికి ఎత్తైన కొండ, 1,672 మీటర్లు. దాని దరిదాపుల్లోంచి నెలకి నాలుగుసార్లు పోతూ దాని మీద మబ్బుందో లేదో చెప్పలేను. సాలూరులో 36, పొట్టంగిలో 30 అని తెర మీద అంకె మారుతుంది, లోపల మాత్రం ఎప్పుడూ 24. బస్సు రోజుల్లో ఎక్కడో సగం ఘాట్‌లో చెవులు గడియపడేవి, చల్లగాలికి జనం తువ్వాళ్లు బయటికి తీసేవారు. కొండెక్కామని అప్పుడు ఒంటికి తెలిసేది.

మొన్న కార్తీకంలో ఏసీ పోయింది. కంప్రెసరట. బాగుచేసే చోట పది రోజులు తిప్పారు, అది వేరే కథ. ఆ పది రోజుల్లోనే ఓసారి అమ్మని తీసుకుని అద్దాలు దించుకుని వచ్చాను. సుంకి దగ్గర సీతాఫలాల గంప తిన్నగా కిటికీలోకి వచ్చేసింది. అమ్మ సగం ఒడియా, సగం తెలుగులో బేరమాడి, గెలిచి, కళ్లు మూసుకుని పడుకుంది. నేనూ దారిలో పడ్డాను. చాలాసేపటికి, కళ్లు తెరవకుండానే, "సునాబెడ వచ్చిందేట్రా?" అంది. నిజంగానే వచ్చింది. ఎలా తెలిసిందమ్మా అంటే, "నీలగిరి చెట్ల వాసన రావట్లా?" అంది. నాలుగేళ్లలో ఈ కారులో ఆ ప్రశ్న ఆవిడ అడగలేదు. కారెక్కితే నిద్ర, దిగితే ఇల్లు.

ఏసీ బాగయ్యాక కూడా పొట్టంగి నుంచి సెమిలిగూడ దాకా ఆపేస్తున్నాను. పిల్లలు దుమ్మని గోల పెడతారు, వాళ్లు చెప్పేదీ నిజమే. మే నెలలో మైదానంలో మాత్రం ఏసీ లేకుండా నడపమంటే నా వల్ల కాదు.

కారుకి 5కి 4 ఇస్తాను. ఆ ఒకటి ఎందుకు తగ్గించానంటే, వెనక అద్దాలు సగానికి మించి కిందకి దిగవు. షోరూంలో అది చూసుకోవాలని నాకు తట్టలేదు. ఇప్పుడు అమ్మని ముందు సీట్లో కూర్చోబెడుతున్నాను.