ఫోటోకి గింప్, గీతకి ఇంక్‌స్కేప్: కొన్నేళ్లు వాడాక

ఒక థీమ్ తీసుకుని ఫోటోని, గ్రాఫిక్ ఆకారాల్ని కలిపి పోస్టర్లు, పుస్తకాల అట్టలు చేస్తుంటాను. అందుకు కొన్నేళ్లుగా నేను నమ్ముకున్నవి ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ గింప్, ఆకారాలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్. రెండూ ఉచితమే. అలాగని డబ్బు ఖర్చు లేదు కదా అని సర్దుకుపోతున్నానని అనుకోకండి. ఈ తరహా పనికి ఈ జోడీ బాగా కుదురుతుంది, కాకపోతే ఏ పని ఎందులో చేయాలో ముందే తేల్చుకోవాలి.

నా మటుకు ఫోటో పనంతా గింప్‌లోనే ముగించేస్తాను. కటౌట్ (బొమ్మని వెనకున్న దాన్నుంచి కత్తిరించి తీయడం), వెలుగునీడలు, రంగు అన్నీ అక్కడే. వృత్తాలు, పట్టీలు, అక్షరాలు ఇంక్‌స్కేప్‌లో. గింప్‌లో వృత్తం గీయలేమా అంటే గీయొచ్చు, కానీ దాన్ని తర్వాత నాలుగింతలు పెద్దది చేస్తే అంచు మసకబారుతుంది. ఇంక్‌స్కేప్‌లో ఆ బెంగ లేదు, అది వెక్టర్, అంటే ఆకారాన్ని పిక్సెళ్లుగా కాక గణిత లెక్కగా దాచుకుంటుంది కాబట్టి ఎంత పెంచినా అంచు అలాగే ఉంటుంది.

అసలు చిక్కు రంగు దగ్గర వస్తుంది. ఫోటోలో లెక్కలేనన్ని ఛాయలుంటాయి, మనం గీసిన ఎర్ర వృత్తంలో ఉండేది ఒకటే రంగు. రెండూ పక్కపక్కన పెడితే వృత్తం స్టిక్కర్ అంటించినట్టు వేరుగా కనిపిస్తుంది. నీడలు, మెరుపులు జోడిస్తే కలిసిపోతుందని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో అవి గందరగోళాన్ని పెంచుతాయి అంతే. ఫోటోనే గ్రాఫిక్ వైపు దించడం మేలు. గింప్‌లో గ్రేడియంట్ మ్యాప్ వేస్తే నీడలన్నీ ఒక రంగుకి, వెలుగులన్నీ ఇంకో రంగుకి మారిపోతాయి. ఆ రెండు రంగులే ఆకారాలకీ వాడితే పేజీ ఒక్కటవుతుంది. ఇంకా మొరటుగా కావాలంటే న్యూస్‌ప్రింట్ ఫిల్టర్ ఉంది, ఫోటోని పాత అచ్చులోలా చుక్కలుగా మారుస్తుంది.

ఆకారం ఫోటో మీదికి వచ్చేచోట నేను ఎక్కువగా వాడేది మల్టిప్లై మోడ్. ఒకదాని మీద ఒకటి ఉన్న రెండు లేయర్ల (పొరల) రంగు విలువల్ని గుణిస్తుంది కాబట్టి తెలుపు మాయమవుతుంది, నలుపు నిలుస్తుంది, ఎర్ర పట్టీ కింద ముఖంలోని గీతలు కనిపిస్తూనే ఉంటాయి. ముదురు ఫోటో మీద మాత్రం ఇది పనికిరాదు, అంతా నల్లబడిపోతుంది. అక్కడ దానికి తిరకాసుగా, రంగుల్ని తేలిక చేసే స్క్రీన్ మోడ్ పెట్టాలి.

అభ్యాసం కోసం సోవియెట్ కళాకారుడు అలెగ్జాండర్ రోద్చెంకో 1924లో చేసిన ప్రసిద్ధ పోస్టర్‌ని ఈ రెండింటితో తిరిగి కట్టి చూశాను. లీల్యా బ్రిక్ అనే మహిళ నోటి పక్కన చెయ్యి పెట్టుకుని అరుస్తున్న ఫోటో, ఆ నోట్లోంచి వెడల్పవుతూ బయటికొచ్చే అక్షరాల త్రికోణం. ఫోటో వృత్తంలో ఉంటుంది. ఇంక్‌స్కేప్‌లో ఆ వృత్తాన్ని క్లిప్‌గా పెట్టడం, అంటే ఫోటోని దాని ఆకారంలోనే కనిపించేలా చేయడం చిటికెలో పని. త్రికోణం కోణాన్ని కొద్దిగా మార్చినా గొంతు తగ్గినట్టు అనిపించింది! ఈ రకం పనిలో ఫోటో ఎక్కడికి చూస్తోందో గ్రాఫిక్ అటే వెళ్లాలని అప్పుడు బాగా అర్థమైంది.

గింప్ విషయంలో పెద్ద మార్పు 2025 మార్చిలో వచ్చిన 3.0 వెర్షన్. ఇంతకుముందు ఫిల్టర్ వేస్తే అది ఫోటోలో కలిసిపోయేది. ఇప్పుడు న్యూస్‌ప్రింట్ వంటివి లేయర్ మీద విడిగా నిలుస్తాయి. చుక్క సైజు నచ్చకపోతే మళ్లీ తెరిచి మార్చుకోవచ్చు. క్లయింట్ రాత్రి పది గంటలకు ‘ఇంకొంచెం’ అన్నప్పుడు దీని విలువ తెలుస్తుంది. కటౌట్ల దగ్గర మాత్రం నాకింకా తృప్తి లేదు. ముందున్న బొమ్మని ఎంచే ఫోర్‌గ్రౌండ్ సెలెక్ట్ పనిముట్టు గట్టి అంచులకు పర్లేదు గానీ జుట్టు దగ్గర తడబడుతుంది. అక్కడ మాస్క్ (ఏది కనిపించాలో, ఏది దాగాలో చెప్పే పొర) మీద బ్రష్‌తో ఓపిగ్గా దిద్దుకోవాల్సిందే.

ఇంక్‌స్కేప్‌లో తెలుగు ఒత్తులు, గుణింతాలు సరిగ్గా పడతాయి. వరసల మధ్య ఎడం మాత్రం పెంచుకోవాలి, లేకపోతే పై వరస ఒత్తులు కింది వరస గుడిదీర్ఘాల మీద ఎక్కుతాయి. ఫోటోని ఎంబెడ్ (ఫైల్లోనే ఇమిడ్చడం) చేయకుండా లింక్ చేస్తాను. అలా చేస్తే గింప్‌లో ఫోటో మారిస్తే ఇక్కడా మారుతుంది, ఫైలూ బరువెక్కదు. ఫోటో ఉన్న ఫోల్డర్‌ని కదిపితే మాత్రం లింక్ తెగుతుంది.

ప్రింట్ దగ్గరే అసలు టెన్షన్. గింప్‌లో సీఎంవైకేలో (అచ్చుకి వాడే నాలుగు సిరాల రంగు పద్ధతి) నేరుగా ఎడిటింగ్ చేయలేం, కాగితం మీద రంగులు ఎలా వస్తాయో తెర మీద చూపించే సాఫ్ట్‌ప్రూఫ్‌లో చూసుకోవడమే. తెర మీద మండిపోయే నీలం, ఆకుపచ్చ కాగితం మీద చప్పబడతాయి. ఇంక్‌స్కేప్ నుంచి పీడీఎఫ్ తీసేటప్పుడు బ్లర్ లాంటి ఫిల్టర్లు పిక్సెళ్లుగా మారతాయి, దాని డిఫాల్ట్ 96 డీపీఐ (అంగుళానికి చుక్కలు). ఆ గడిలో 300 వేయడం మరవకండి. ఫోటో కూడా ఆ లెక్కకే ఉండాలి, ఏ3 సైజుకి 3508 × 4961 పిక్సెళ్లు కావాలి. అంత ఫోటోతో, నాలుగు బ్లర్లతో ఇంక్‌స్కేప్ నత్తనడక నడుస్తుంది. పని చేసేటప్పుడు చిన్న కాపీ లింక్ చేసుకుని చివర్లో అసలుది పెడతాను.

తెర కోసమే చేసేవాళ్లకి ఈ రెండూ చాలు. అచ్చుకి పంపేవాళ్లు మాత్రం మూడోదిగా పేజీలు అమర్చే సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ నేర్చుకోవాలి. నేను ఫోటోని, గ్రాఫిక్‌ని అందులోకి తెచ్చి, సీఎంవైకే రంగులు పెట్టి, చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కత్తిరింపులో పోయేందుకు వదిలే అదనపు అంచు) వదిలి అక్కడి నుంచే పీడీఎఫ్ తీస్తున్నాను.