మోలేలా మట్టి పలకల పేరుతో ప్లాస్టర్ బొమ్మలు అంటగడుతున్నారు, జాగ్రత్త

గోడకు తగిలించుకునే మోలేలా మట్టి పలకలను ఫోనులో చూసి కొనాలనుకునేవారు డబ్బు పంపే ముందు ఇది చదవండి. రెండు నెలల కిందట నేను 6,400 రూపాయలు పోగొట్టుకున్నాను. అది మా చెల్లెలి గృహప్రవేశానికి నేను పంపిన కానుక. డబ్బు పోయినందుకంటే అందుకే ఎక్కువ బాధపడుతున్నాను.

మరిది గారి ఉద్యోగం వల్ల చెల్లెలు నాలుగేళ్లు ఉదయ్‌పూర్‌లో ఉంది. నేను వెళ్లినప్పుడు నాథద్వారాలో దర్శనం చేసుకుని, అక్కడికి దగ్గరలోనే ఉన్న మోలేలాకు వెళ్లాం. రాజస్థాన్‌లోని రాజసమంద్ జిల్లాలో బనాస్ నది ఒడ్డున ఉన్న కుమ్మరుల ఊరు అది. దేవుడి బొమ్మను విడి విగ్రహంగా కాకుండా, చదునైన మట్టి పలక మీద ఉబ్బెత్తుగా చేయడం అక్కడి ప్రత్యేకత. గుర్రం మీద అక్కడి జానపద దేవుడు దేవనారాయణ్, పడగలు విప్పిన నాగదేవత, వినాయకుడు. మాఘమాసంలో చుట్టుపక్కల పల్లెల నుంచీ మధ్యప్రదేశ్, గుజరాత్‌ల నుంచీ గిరిజనులు తమ పూజారితో కలిసి వచ్చి, ఈ పలకలను తీసుకువెళ్లి తమ గుళ్లలో ప్రతిష్ఠించుకుంటారు. ఆ ఊరి కళాకారుడు మోహన్‌లాల్ చతుర్భుజ్ కుమ్హార్‌కు 2012లో పద్మశ్రీ వచ్చింది. ఈ పనికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా ఉంది.

ఆ రోజు ఒకరికొకరం చెరో పలక కొనిచ్చుకున్నాం. అప్పటినుంచి అదే అలవాటైంది. పుట్టినరోజుకు చీరలు మానేసి మట్టి పలకలు ఇచ్చుకుంటున్నాం. మా ఇంటి హాలులో ఐదున్నాయి, తన దగ్గర నాలుగు. కిందటేడు వాళ్లు పుణేకు మారడంతో ఆ ఊరికి వెళ్లిరావడం కుదరలేదు. సరిగ్గా అప్పుడే సామాజిక మాధ్యమంలో ఒక అమ్మకందారు ఖాతా నా కంట పడింది.

ఆ ఖాతాలో ఒక వీడియో ఉంది. తలపాగా చుట్టుకున్న ఒక పెద్దాయన మట్టిని వేళ్లతో ఒత్తుతూ గుర్రం మెడ తీరుస్తున్నాడు. చూడగానే నాకు మోలేలా వాకిలి గుర్తొచ్చింది, నమ్మేశాను. రెండు దేవనారాయణ్ పలకలు, ఒక నాగదేవత పలక అడిగాను. ముందే మొత్తం డబ్బు యూపీఐలో పంపమన్నారు. డబ్బు వెళ్లే ఖాతాదారు పేరుకు, దుకాణం పేరుకు పొంతన లేదు. అడిగితే, మా అన్నయ్య ఖాతా అన్నారు. నేను అక్కడే ఆగి ఉండాల్సింది.

పంతొమ్మిది రోజులకు పార్సిలు పుణే చేరింది. ఆ సాయంత్రం చెల్లెలు ఫోను చేసి, "అక్కా, ఇది మట్టి కాదే" అంది. ఒక పలక మూల విరిగిందట. విరిగిన చోట లోపలంతా సుద్దముక్కలా తెల్లగా ఉంది, అందులోంచి కొబ్బరిపీచు పోగులు బయటికి వచ్చాయి. పైన మాత్రం ఇటుక రంగు పూశారు. అది ప్లాస్టర్ ఆఫ్ పారిస్. పీచు వేసేది బిగువు కోసం.

మిగతా రెండూ పక్కపక్కన పెట్టి వీడియోలో చూపించమన్నాను. ఒకదానిమీద గుర్రం ఎడమ చెవి చివర ఆవగింజంత గుంట ఉంది. విరిగిన పలక మీది గుర్రానికి కూడా అదే చెవికి, అదే చోట, అంతే గుంట! చేత్తో చేసిన రెండు బొమ్మలకు ఒకే లోపం ఒకేచోట రాదు. ఒకే అచ్చులో పోసిన బొమ్మలకే వస్తుంది. విరిగిన ముక్కను చెల్లెలు రాత్రంతా నీళ్లలో ఉంచింది. తెల్లారేసరికి నీళ్లు ఎర్రబడ్డాయి, ముక్క గోటితో గీకితే పిండిలా రాలింది.

అసలు పలక ఎలా ఉంటుందో తెలిస్తే ఈ మోసం పట్టుకోవడం కష్టం కాదు. మోలేలా కుమ్మరులు చెరువు మట్టిలో గాడిద లద్దె కలుపుతారు. ఆవంలో, అంటే కుమ్మరి బట్టీలో, కాలేటప్పుడు ఆ లద్దె మాడిపోయి మట్టిలో సన్నని ఖాళీలు మిగులుతాయి. అందుకే పలక చూడటానికి బరువుగా కనిపించినా చేతికి తేలిగ్గా ఉంటుంది. అచ్చులు వాడరు. ముద్దలు, చుట్టలు చేసి పలక మీద అతికించి వేళ్లతో, చిన్న పనిముట్టుతో తీరుస్తారు. ఉబ్బెత్తు బొమ్మ లోపల బోలుగా ఉంటుంది. కాల్చేటప్పుడు పగలకుండా గాలి పోవడానికి సన్నటి రంధ్రాలు పొడుస్తారు. మా హాలులోని వినాయకుడి చెవి వెనుక అలాంటి రంధ్రం ఒకటి ఉంది. పక్కనే బొటనవేలి ముద్ర, చర్మపు గీతలతో సహా, కాలిన మట్టిలో అలాగే నిలిచిపోయింది. నాకు ఆ బొమ్మలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే.

కాబట్టి కొనే ముందు పలక ముందువైపు ఫొటో చాలదు, వెనకవైపు ఫొటో అడగండి. అంచు దగ్గరగా తీసిన ఫొటో కూడా అడగండి. రంగు పూయని చోట లోపలి మట్టి ఏ రంగులో ఉందో అక్కడే తెలుస్తుంది. ఒకే దేవుడి పలకలు రెండు పక్కపక్కన పెట్టి చూపమనండి. పార్సిలు చేరాక వెనకవైపు గోటితోనో నాణెంతోనో గీకండి. కాలిన మట్టి అయితే ఎర్రటి పొడి కొద్దిగా వస్తుంది, ప్లాస్టర్ అయితే తెల్లటి పిండి. నీటిచుక్క పరీక్ష ఒక్కటే నమ్ముకోకండి, నీటిని రెండూ పీల్చుకుంటాయి.

జైపూర్ నీలి పింగాణీ పళ్లాలు గోడకు పెట్టుకునేవారికీ ఒక మాట. అందులో మామూలు కుమ్మరి మట్టి ఉండదు. పలుగురాతి పొడి, గాజు పొడి, ముల్తానీ మట్టి, జిగురు కలిపి చేస్తారు, నీలం రంగు కోబాల్టుతో వస్తుంది. కుంచెతో వేసిన గీత ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా ఉంటుంది. ఫోను కెమెరాతో బాగా దగ్గరగా చూసినప్పుడు సన్నని చుక్కలు కనబడితే అది ముద్రించిన బొమ్మ కాగితం అంటించిన పళ్లెం.

ప్లాస్టర్ బొమ్మలు చేసుకుని బతికేవారి మీద నాకు కోపం లేదు. ప్లాస్టర్ అని చెప్పి, ప్లాస్టర్ ధరకు అమ్మితే అది వాళ్ల వ్యాపారం. నెలల తరబడి మట్టి తొక్కే కుమ్మరి పేరు వాడుకుని, ఆయన వీడియో దొంగిలించి అమ్మడాన్ని మాత్రం నేను క్షమించలేను. ఆ పెద్దాయన వీడియో తర్వాత ఇంకో రెండు ఖాతాల్లో, వేరే దుకాణాల పేర్లతో చూశాను.

విరిగిన పలక ఫొటో పంపితే అమ్మకందారు పార్సిలు విప్పుతున్న వీడియో కావాలన్నాడు. అదృష్టవశాత్తు చెల్లెలు తీసింది. అది పంపాక, పై అధికారికి చెబుతామంటూ పదకొండు రోజులు తిప్పి, ఆ తర్వాత నన్ను బ్లాక్ చేశాడు. నేను చేసిన పెద్ద పొరపాటు ఆ పదకొండు రోజులు ఎదురుచూడటం. డబ్బు విషయంలో మోసమని తెలిసిన గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైను 1930కి ఫోను చేయాలి, బ్యాంకుకూ చెప్పాలి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది. వస్తువు గురించిన ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915 ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, అమ్మినవాడి ఊరికి వెళ్లనక్కర్లేదు. నేను రెండు నంబర్లకూ ఫిర్యాదు చేశాను. డబ్బు ఇంకా రాలేదు.

వీలైతే చేతితో పట్టుకుని చూసి కొనండి. హైదరాబాద్ శిల్పారామంలో హస్తకళల మేళాలు జరిగినప్పుడు ఇతర రాష్ట్రాల కళాకారులు స్వయంగా వస్తుంటారు. వారికి కేంద్ర హస్తకళల విభాగం చేతిపనివారికి ఇచ్చే పహచాన్ (గుర్తింపు) కార్డు ఉంటుంది, చూపమని అడగడం తప్పు కాదు. మట్టి పలకలే కావాలంటే మన పలమనేరు టెర్రకోటా పని కూడా చూడండి. చెల్లెలికి ఈసారి అక్కడి నుంచే తెద్దామనుకుంటున్నాను.

చివరగా, ఆ ఖాతా ఇప్పటికి రెండుసార్లు పేరు మార్చుకుంది కాబట్టి పేరు చెప్పి లాభం లేదు. ఫొటో మాత్రం మార్చలేదు. ఆకుపచ్చ చాప మీద నాగదేవత పలక, దాని కుడివైపు సొట్టపడిన ఇత్తడి చెంబు. ఆ ఫొటో కనబడితే డబ్బు పంపకండి.