థియరీలో రీసెర్చికి ఏది మేలు: నంబర్ థియరీయా, స్టాటిస్టిక్సా, ఫిజిక్సా?

విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో ఎమ్మెస్సీ ముగించబోతున్న పిల్లలు ఏటా అడిగే ప్రశ్న ఇది: "మాస్టారూ, నెట్ పరీక్షలో ఫెలోషిప్ వస్తే రీసెర్చికి ఏటి తీసుకుంటే మంచిది?" నా జవాబు ముందే చెప్పేస్తా. మన ఊళ్లలో ఉండి చేసేవాళ్లకి థియరిటికల్ స్టాటిస్టిక్స్ మేలు, దాని తర్వాత నంబర్ థియరీ. ఫిజిక్స్‌లో కొన్ని సమస్యలు బాగానే ఉంటాయి కానీ క్వాంటమ్ గ్రావిటీ లాంటి పునాది ప్రశ్నల జోలికి ఇక్కణ్ణుంచి ఒంటరిగా పోవద్దు.

ఉద్యోగాల లెక్క వేరే, ఇప్పుడు దాని ఊసు ఎత్తడం లేదు. నేను చూసేది ఒక్కటే: మనం చేసింది తప్పయితే, ఆ సంగతి ఎవరూ చెప్పకుండానే ఎంత తొందరగా మనకి తెలుస్తుంది? ముంబయి టీఐఎఫ్ఆర్, చెన్నై మేట్ సైన్స్ లాంటి పెద్ద పరిశోధన సంస్థల్లో ఉన్నవాడు బోర్డు మీద రెండు లైన్లు రాయగానే వెనక బెంచీలోంచి ఎవరో "అది కుదరదు, పదేళ్ల కిందటే చూశారు" అనేస్తారు. మన దగ్గర ఆ వెనక బెంచీ మనిషి ఉండడు, ఒకోసారి గైడ్‌కి కూడా ఆ సబ్జెక్టు కొత్తే, కాబట్టి ఆ మనిషి చేసే పని సమస్యే చెయ్యాలి.

ఈ లెక్కన ముందు నంబర్ థియరీ చూద్దాం, ఎందుకంటే అందరికీ మోజు దాని మీదే. ప్రశ్నలు పదో తరగతి పిల్లలకి కూడా అర్థమవుతాయి. రెండు కన్నా పెద్దదైన ప్రతి సరిసంఖ్యా రెండు ప్రధాన సంఖ్యల మొత్తమేనా అని గోల్డ్‌బాఖ్ కాలం నుంచి, అంటే 1742 నుంచి అడుగుతున్నారు, కంప్యూటర్లతో 4 పక్కన 18 సున్నాలు పెట్టినంత దూరం సరిచూశారు, నిరూపణ మాత్రం లేదు. దీన్ని నిరూపించేశానని నోటుబుక్కు పట్టుకుని తిరిగే రిటైర్డు మాస్టారు ప్రతి జిల్లాలో ఒకరుంటారు, మన రెండు జిల్లాల్లో ఇంకా ఎక్కువేమో.

ఇక్కడ మంచి సంగతి ఏమిటంటే, మీ ఊహ తప్పయితే ఉచితంగా దొరికే పారీ లాంటి సాఫ్ట్‌వేర్‌లో పది లైన్లు రాస్తే చాలా సార్లు నిమిషంలో బయటపడుతుంది. అయితే ఈ పరీక్షని పూర్తిగా నమ్మడానికి లేదు. 1919లో పోల్యా ఒక ఊహ చేశాడు: ఒకటి దాటాక ఏ సంఖ్య దగ్గర ఆగి చూసినా, అక్కడిదాకా ఉన్న సంఖ్యల్లో, ప్రధాన కారణాంకాల లెక్క (ఒకటే మళ్లీ వస్తే మళ్లీ లెక్కపెట్టి) బేసి వచ్చేవి, సరి వచ్చేవాటి కన్నా తక్కువ కావు అని. కోటి దాకా వెళ్లండి, పది కోట్ల దాకా వెళ్లండి, నిజమే అనిపిస్తుంది. 1958లో హాసెల్‌గ్రోవ్ అది తప్పని తేల్చాడు, అది మొదటిసారి ఎక్కడ తప్పుతుందో 1980లో దొరికింది: 90 కోట్ల 61 లక్షల 50 వేల 257 దగ్గర. అంటే కంప్యూటర్ "తప్పు" అంటే తప్పే, "ఇప్పటిదాకా బాగానే ఉంది" అంటే మాత్రం దానికి పెద్ద విలువ లేదు. పైగా మీరు రాసిన నిరూపణలో మూడో పేజీలో ఉన్న బొక్కని ఏ ప్రోగ్రామూ అంత సులువుగా చూపించదు. అందుకే దీన్ని రెండో స్థానంలో పెట్టాను.

"ఇటాంగ్ ఝాంగ్ ఉన్నాడు కదా మాస్టారూ" అంటారు. ఉన్నాడు. పెద్ద పేరు లేకుండా న్యూ హాంప్‌షైర్‌లో పాఠాలు చెప్పుకుంటూనే 2013లో 7 కోట్ల లోపు తేడాతో ఉన్న ప్రధాన సంఖ్యల జంటలు అనంతంగా ఉన్నాయని చూపించాడు, ఏడాది తిరిగేసరికి మిగతావాళ్లు ఆ తేడాని 246కి దించేశారు. కానీ అప్పటికి ఆయనకి యాభై దాటింది, ఫెలోషిప్ గడువు నెత్తిన లేదు. మీకు ఉంటుంది.

నంబర్ థియరీయే కావాలనుకుంటే గోల్డ్‌బాఖ్‌ని వదిలేసి, మన తెలుగువాళ్లు వేసిన దారి ఒకటి ఉంది, అది చూడండి. గుంటూరు వైపు నుంచి వెళ్లి కెనడాలో స్థిరపడిన ఎం.వి. సుబ్బారావు గారు 1966లో వారెన్‌తో కలిసి యూనిటరీ పర్‌ఫెక్ట్ సంఖ్యల గురించి రాశారు. ఒక సంఖ్య భాజకాల్లో, ఆ భాజకానికీ, దాంతో భాగిస్తే వచ్చేదానికీ ఉమ్మడి కారణాంకం లేనివి మాత్రమే తీసుకుని (ఆ సంఖ్యని వదిలేసి) కూడితే మళ్లీ ఆ సంఖ్యే రావాలి. 60కి చూడండి: 1, 3, 4, 5, 12, 15, 20, కూడితే 60. ఇప్పటిదాకా తెలిసినవి ఐదే: 6, 60, 90, 87360, ఐదోది 24 అంకెల సంఖ్య. ఇంకా ఉన్నాయా, ఉంటే ఎన్ని, ఎవరికీ తెలీదు. బేసి సంఖ్యల్లో ఒక్కటీ లేదని నిరూపించడం డిగ్రీ పిల్లలు కూడా ఒక సాయంత్రంలో చెయ్యగలరు, నాలుగు లైన్ల పని, చేసి చూడండి. మెట్లు చిన్నవిగా ఉండి పైకి పోయేకొద్దీ నిజంగా కష్టమయ్యే సమస్య అంటే ఇలా ఉండాలి.

ఇప్పుడు స్టాటిస్టిక్స్. దీన్ని మన వాళ్లు గణితం రాని వాళ్ల గణితంలా చూస్తారు, అదే నాకు అర్థం కాదు. సి.ఆర్. రావు గారు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. గణితం చేసి, ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లి, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. కలకత్తాలో పాఠం చెబుతూ, శాంపిల్ బాగా పెద్దదైనప్పుడు వర్తించే, ఇంగ్లండ్ స్టాటిస్టిషియన్ ఫిషర్ ఫలితం వివరిస్తుంటే, ఒక విద్యార్థి "చిన్న శాంపిల్ అయితే?" అని అడిగాడు. ఆ రాత్రే కూర్చుని తేల్చారు. 1945లో అచ్చయిన ఆ ఫలితమే ఇవాళ క్రామెర్-రావ్ బౌండ్, నిష్పాక్షికమైన ఏ అంచనా అయినా ఇంతకన్నా కచ్చితంగా ఉండలేదని గీసిన గీత. ఆ పనికీ, ఆ పేపర్లోనే ఉన్న మిగతా ఫలితాలకీ 2023లో, 102 ఏళ్ల వయసులో, అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది.

నా కొలతకి ఇది సరిగ్గా అతుకుతుంది, ఎలాగంటే సిమ్యులేషన్. నిజమైన విలువ ఈ అంకెకీ ఆ అంకెకీ మధ్య ఉంటుందని చెప్పే కొత్త ఇంటర్వెల్ ఫార్ములా ఒకటి మీరు కట్టారు, 95 శాతం సార్లు నిజాన్ని పట్టుకుంటుందని మీ సిద్ధాంతం. ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నిజం మీకు ముందే తెలిసిన డేటాని పదివేల సార్లు పుట్టించండి, మీ ఫార్ములా ఎన్నిసార్లు పట్టుకుందో లెక్కపెట్టండి. 88 శాతం వచ్చిందనుకోండి, ఎక్కడో తప్పుంది, సాయంత్రం టీ లోపు తేలిపోయింది, గైడ్ దగ్గరికి వెళ్లక్కర్లేదు. సిమ్యులేషన్ కూడా నిరూపణ కాదు, నిజమే. కానీ ఎక్కడ, ఎంత తప్పిందో అంకెల్లో చెబుతుంది, శాంపిల్ పెంచితే తప్పు తగ్గుతోందా లేదా అన్నది కూడా చెబుతుంది, దాన్ని బట్టి నిరూపణలో ఏ మెట్టు విరిగిందో ఊహించొచ్చు. నంబర్ థియరీ ఇంత సాయం చెయ్యదు.

పైగా సమస్యలు వాకిట్లోనే ఉన్నాయి. పలాసలో రెండు రకాల జీడితోటలు, రెండింటి దిగుబడుల్లో ఒడుదొడుకులు వేర్వేరు, సగటులు ఒకటేనా? బెహ్రెన్స్ 1929లో, ఫిషర్ 1935లో తలపెట్టిన ఈ చిన్న ప్రశ్నకి అందరూ ఒప్పుకునే ఒకే కచ్చితమైన పరీక్ష ఇప్పటికీ లేదు, ఆర్‌లో టీ-టెస్ట్ కొడితే వచ్చేది వెల్చ్ చేసిన ఉజ్జాయింపే. తుపాన్లు చూడండి: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర. వందేళ్లకోసారి వచ్చే గాలి ఎంత వేగంగా ఉంటుందో చెప్పే సిద్ధాంతం 1928లో ఫిషర్, టిపెట్ మొదలుపెట్టి 1943లో గ్నెడెంకో పూర్తిచేసినదే, కానీ అది ఏ ఏటి లెక్క ఆ ఏటిదేననీ, సముద్రం తీరు మారదనీ అనుకుంటుంది. సముద్రం వేడెక్కుతుంటే ఆ ఫలితం ఎంతవరకు నిలబడుతుంది, అంచనాలో తప్పు ఎంత పెరుగుతుంది అన్నది శుద్ధమైన థియరీ ప్రశ్న, నిరూపణలు కావాలి.

ఇంకా లోతైనది ఉద్దానం. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఒక్క కారణం తేలలేదు. నీళ్లు, సిలికా, పురుగుమందులు, ఎండలో పని, నొప్పి మాత్రలు, వంశం, అన్నీ అనుమానితులే, అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. జబ్బు వచ్చాక మనిషి నీళ్లు మారుస్తాడు, పని మానేస్తాడు, కాబట్టి ఇవాళ కొలిచింది నిన్నటి కారణం కాకపోవచ్చు. ఇక్కడ థియరీ వాడు అడగాల్సింది ఇది: కొలవని కారణం ఒకటి వెనక ఉన్నప్పుడు, డేటా ఎంత పోగేసినా జవాబు తేలని పరిస్థితులు ఏవి, ఏ ఒక్క కొలత అదనంగా చేస్తే తేలుతుంది? ఇంటింటికీ తిరిగి ఇంకో సర్వే చెయ్యడానికి ముందు ఈ ప్రశ్నకి జవాబు ఉండాలి కదా. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు, సంభావ్యత, ఏది దేనికి కారణమో బాణాలతో చూపే గ్రాఫులు, ఓపిక చాలు.

పేరున్న చోట ఉంటేనే ఇవి కుదురుతాయి అనేవాళ్లకి థామస్ రాయెన్ సంగతి చెబుతా. జర్మనీలో ఒక చిన్న కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైన మనిషి. గాస్ డిస్ట్రిబ్యూషన్ నుంచి పడే బిందువు, కేంద్రం చుట్టూ సౌష్ఠవంగా ఉన్న రెండు కుంభాకార ఆకారాల్లోనూ ఒకేసారి పడే సంభావ్యత, విడివిడి సంభావ్యతల లబ్ధం కన్నా తక్కువ కాదు అన్న ఊహ దశాబ్దాలుగా పెద్దపెద్ద వాళ్లని ఏడిపించింది, 2014లో 67 ఏళ్ల వయసులో ఆయన దాన్ని మామూలు పనిముట్లతోనే కొన్ని పేజీల్లో నిరూపించాడు. వర్డ్‌లో టైప్ చేసి, అలహాబాద్ నుంచి వచ్చే అంతగా పేరులేని పత్రికలో వేశాడు, చాలా కాలం ఎవరూ పట్టించుకోలేదు. (గణితం టైప్ చెయ్యడానికి లేటెక్ నేర్చుకోండి బాబూ.)

ఫిజిక్స్ దగ్గర కొంచెం తొందరగా నడుస్తా. స్ట్రింగ్ థియరీ, క్వాంటమ్ గ్రావిటీ అంటూ వచ్చే పిల్లలు తెలివైనవాళ్లే, కానీ ఆ సిద్ధాంతాలు మాట్లాడే పొడవు మీటరులో 10 పక్కన మైనస్ 35 ఘాతం, జెనీవా దగ్గర కణాల్ని ఢీకొట్టే యంత్రం చూడగలిగేది సుమారు మైనస్ 19 దాకా. మధ్యలో ప్రకృతి మౌనం. ఆ మౌనంలో తప్పొప్పులు చెప్పేది తోటి మనుషులే, ఆ మనుషులు మన దగ్గర లేరు. అదే స్టాటిస్టికల్ ఫిజిక్స్ అయితే వేరు: అయస్కాంతాన్ని పైకో కిందికో చూసే చిన్న బాణాల గుంపుగా తీసుకునే ఐసింగ్ మోడల్‌ని, బాణాలు ఒక వరుసలో ఉంటే 1925లో ఐసింగ్ సాధించాడు, తలం మీద 1944లో ఆన్సాగర్, మూడు కొలతల్లో కచ్చితమైన ఫార్ములా ఇప్పటికీ లేదు. కానీ అయస్కాంతత్వం మాయమయ్యే సందిగ్ధ ఉష్ణోగ్రత మోడల్ యూనిట్లలో 4.5115 అని సిమ్యులేషన్లు చెప్పేశాయి కాబట్టి ఎవడైనా ఫార్ములా తెస్తే అక్కడే తేలిపోతుంది. ఇలాంటి సమస్య ఉంటే ఫిజిక్స్ కూడా నా లెక్కలో స్టాటిస్టిక్స్ పక్కన కూర్చుంటుంది.

ఏ సబ్జెక్టు తీసుకున్నా ఒక ఉచ్చు ఉంది, ఉన్నదానికే ఇంకో తోక తగిలించి పేపరు రాయడం, మన ప్రాంతంలో అందరికీ తెలిసినదే, ఎవరూ పైకి అనరు. అప్లైడ్ మేథ్స్‌లో సాగే పలక మీద ఎంహెచ్‌డీ ఫ్లో (అయస్కాంత క్షేత్రంలో ద్రవ ప్రవాహం), దానికి నానో రేణువులు, తర్వాత రేడియేషన్, తర్వాత రసాయన చర్య. స్టాటిస్టిక్స్‌లో ఉన్న డిస్ట్రిబ్యూషన్‌కి ఇంకో పారామీటర్ తగిలించడం. ఆల్జీబ్రాలో స్వామి, జి.సి. రావు గార్లు 1981లో నిజమైన ప్రశ్నతో కట్టిన ఆల్మోస్ట్ డిస్ట్రిబ్యూటివ్ లాటిస్ అనే బీజగణిత నిర్మాణానికి ముందో వెనకో ఫజ్జీ అని చేర్చడం. అదే పులుసులో ముక్క మార్చినట్టు. వీటిలో తప్పు చెయ్యడం కుదరదు, ఎందుకంటే అక్కడ ప్రశ్నే లేదు.

అయినా గైడ్ ఇచ్చేది సాగే పలకే అయితే? కాదని పోట్లాడి సీటు పోగొట్టుకోకండి, అందులోనే ప్రశ్న వెతకండి. 1970లో క్రేన్ ఆ పలకకి ఇచ్చిన సొల్యూషన్ చక్కగా ఒక్క లైనులో ఉంటుంది. అది ఒక్కటేనా, వేరే సొల్యూషన్ ఉండొచ్చా అని అడిగి, 1987లో మెక్‌లియడ్, రాజగోపాల్ ఒక్కటేనని నిరూపించారు. పలకని సాగదీయకుండా కుదిస్తే కొన్ని సందర్భాల్లో రెండేసి సొల్యూషన్లు వస్తాయి, వాటిలో ఏది నిలకడైనది అన్నది ప్రతి కొత్త ద్రవానికీ మళ్లీ తేల్చాల్సిందే, చాలా పేపర్లలో ఆ పని చెయ్యకుండా గ్రాఫులు వేసి వదిలేస్తారు. గైడ్ కోరిన గ్రాఫులు ఆయనకి ఇవ్వండి, ఈ నిలకడ చాప్టరు మీ కోసం రాసుకోండి.