పొడుగు పిల్లలకు ఎయిర్ రైఫిల్ కొంటున్నారా? ‘ఫుల్ అడ్జస్టబుల్’ అన్నారని అడ్వాన్స్ కట్టేయకండి

నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి పిల్లల్ని రైఫిల్ షూటింగ్‌కు పంపుతున్న వాళ్ల కోసం ఈ పోస్టు, ముఖ్యంగా పిల్లవాడు ఆరడుగులు దాటి ఉంటే. మావాడికి పది మీటర్ల దూరం పోటీల్లో వాడే ఎయిర్ రైఫిల్ ఒకటి వేరే ఊరి డీలర్ దగ్గర కొన్నాం. లక్షన్నర దాటింది. మావాడు ఆరడుగుల మూడంగుళాలు. రైఫిల్ వాడికి సరిపోలేదు, సరిచేసుకునే వీలు కూడా లేదు. డీలర్ వెనక్కి తీసుకోనంటున్నాడు. కంప్లైంట్ నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయను. ఎలా అమ్మాడో తెలిస్తే చాలు, ఇవే మాటలు రేపు మీకూ వినపడొచ్చు.

డబ్బు కట్టకముందే పిల్లవాడి ఎత్తు, చేతి పొడవు, షూటింగ్ జాకెట్ వేసుకుని పొజిషన్‌లో నిలబడ్డ ఫోటోలు వాట్సాప్‌లో పంపాం. “అన్నా, టెన్షన్ పడొద్దు. ఇది ఫుల్ అడ్జస్టబుల్, ఆరున్నర అడుగుల మనిషికైనా సెట్ అవుద్ది” అని జవాబు వచ్చింది. ఆ మెసేజ్ ఇంకా ఫోన్లో భద్రంగా ఉంది. ఫోన్ చేసినప్పుడల్లా 2008 ఒలింపిక్స్‌లో బింద్రా బంగారం, 2012లో గగన్ నారంగ్ కంచు అంటూ మొదలుపెట్టేవాడు. వాళ్ల రైఫిళ్లు వాళ్ల ఒంటికి తగ్గట్టు అమర్చుకున్నవన్న సంగతి మాత్రం ఎత్తలేదు.

పెట్టె విప్పితే చెక్క స్టాక్, అంటే గొట్టాన్ని బిగించే రైఫిల్ ఒళ్లు. భుజానికి ఆనే వెనక పలక, బట్ ప్లేట్, పైకీ కిందికీ జరుగుతుంది, చెంప ఆనించే పీస్ కాస్త లేస్తుంది. ఆ మేరకు అడ్జస్టబులే. పొడుగువాళ్లకు ముందుగా కావలసింది పొడవు. ట్రిగ్గర్ నుంచి బట్ ప్లేట్ మధ్య దాకా ఉండే దూరం అది, షూటర్లు లెంగ్త్ ఆఫ్ పుల్ అంటారు. ఈ రైఫిల్‌లో అది పెరగాలంటే స్టాక్‌కూ ప్లేట్‌కూ మధ్య స్పేసర్లు, అంటే ఎడం పెంచే బిళ్లలు, పెట్టాలి. పెట్టెలో ఉన్నవి పలచటివి రెండు. రెండూ బిగించి టేపుతో కొలిస్తే 34 సెంటీమీటర్లు. రేంజ్‌లో ఇంకో సీనియర్ అబ్బాయి రైఫిల్ మావాడికి సర్దిపెట్టి కోచ్ కొలిచినప్పుడు వచ్చింది 37. ఇవి మావాడి లెక్కలు, మీ పిల్లవాడికి వేరేగా ఉంటాయి.

“మూడు సెంటీమీటర్లే కదన్నా, అలవాటైపోద్ది” అన్నాడు డీలర్. ఆ మూడు సెంటీమీటర్లు ఏం చేస్తాయో మావాడు రైఫిల్ పట్టుకుని నిలబడితే తెలుస్తుంది. కుడిచెయ్యి మడత పడి ఇరుక్కుపోతుంది, భుజం చెవివైపు లేస్తుంది. వేలి చివరి మెత్తటి భాగంతో నొక్కాల్సిన ట్రిగ్గర్ కణుపు దగ్గర పడుతుంది, దాంతో నొక్కినప్పుడల్లా రైఫిల్ పక్కకి లాగుతుంది. కంటి దగ్గర గురి చూసే రంధ్రం ఉన్న వెనక సైట్ మీదికి మొహం వచ్చేస్తుంది. మెడ కూడా పొడుగు కాబట్టి కన్ను సైట్‌కు అందాలంటే తల వంచాలి. వంచితే చూపు కనుబొమ్మల కిందనుంచి పోతుంది, కాసేపటికే కన్ను నీరు కారుతుంది. చిన్నపిల్లల సైకిలెక్కిన పెద్దమనిషిలా ఉన్నాడు. మ్యాచ్ అంటే 75 నిమిషాల్లో 60 షాట్లు, పది పాయింట్ల చుక్క వెడల్పేమో అర మిల్లీమీటరు. మెడ పట్టేసినవాడు అది కొట్టేదెట్టా?

మళ్లీ అడిగితే ఇంకొన్ని స్పేసర్లు పంపాడు, ఊరికే కాదు, విడిగా బిల్లు వేసి. వాటితో వచ్చిన స్క్రూలు మాత్రం పాత సైజువే. అన్ని స్పేసర్లు దాటుకుని స్క్రూ చివర లోపలి మరలో రెండు చుట్లు పట్టిందో లేదో. భుజానికి ఆనిస్తే ప్లేట్ టకటకా ఆడుతోంది, గట్టిగా బిగిస్తే మర పోయేలా ఉంది. సైట్లు ఎత్తు చేసుకోమని రైజర్ బ్లాక్ కూడా ఒకటి పంపాడు, వెనక సైట్‌కు మాత్రమే! ముందు సైట్‌కూ అంతే ఎత్తు పెట్టకపోతే గుండ్లన్నీ పైకి పోతాయని రైఫిళ్లు అమ్మే మనిషికి తెలియదనుకోవాలా?

చివరికి “మీ ఊళ్లో వడ్రంగితో చెక్క ముక్క చేయించుకోండి” అన్నాడు. మా వైపు ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు చేసేవాళ్ల పనితనం చూస్తే స్పేసరేం ఖర్మ, స్టాకే చెక్కి ఇస్తారనిపిస్తుంది. కానీ లక్షన్నర తీసుకున్నవాడు చెప్పాల్సిన మాటా అది?

కాబట్టి కొనేవాళ్లు ‘అడ్జస్టబులా’ అని అడగొద్దు, ఎంతవరకు అని మిల్లీమీటర్లలో అడగండి. ఉన్న స్పేసర్లన్నీ బిగించి, ట్రిగ్గర్ నుంచి టేపు పెట్టి వీడియో తీసి పంపమనండి. పంపనంటే ఆ బేరం అక్కడితో వదిలేయండి. మంచి అల్యూమినియం స్టాకుల్లో బట్ ప్లేట్ రాడ్ల మీద బయటికి జరుగుతుంది, స్పేసర్ల గోల తక్కువ. పొడుగువాళ్లకు సెకండ్ హ్యాండ్‌దైనా అదే నయమని నా అభిప్రాయం, బరువు మాత్రం 5.5 కిలోలు దాటకూడదు. బట్ ప్లేట్ కిందికి ఎంత దిగుతుందో కూడా చూడండి. ప్లేట్ దిగితే రైఫిల్ పైకి లేస్తుంది, తల వంచే పని తగ్గుతుంది. ముందు చేతికీ రైఫిల్‌కూ మధ్య ఎత్తు కోసం పెట్టే రైజర్ ఆ మోడల్‌కు దొరుకుతుందో లేదో కనుక్కోండి.

కొలతలు షూటింగ్ జాకెట్ వేసుకునే తీసుకోవాలి. ఆ మందపాటి కాన్వాస్ వల్ల భుజం దగ్గర కొంత పొడవు కలిసిపోతుంది, టీషర్టు మీద కొలిస్తే లెక్క తప్పుతుంది. రైఫిల్ చేతికి అందితే పిల్లవాణ్ణి కళ్లు మూసుకుని పొజిషన్ తీసుకోమనండి. మెడ కదపకుండా కళ్లు తెరిస్తే వెనక సైట్ రంధ్రం మధ్యలో ముందు సైట్ కనపడాలి. కనపడడానికి తల వెతుక్కుంటుంటే సెట్టింగ్ కుదరలేదన్నమాట.

బిల్లులో మోడల్ పేరొక్కటే చాలదు. గరిష్ఠ పొడవు, స్పేసర్ల సంఖ్య, వాటికి తగిన స్క్రూలు ఉన్నాయని రాయించుకోండి. ఈ రైఫిల్ గుండు సైజు 4.5 మిల్లీమీటర్లు, గుండు బయటికొచ్చే శక్తి 20 జౌళ్ల లోపు కాబట్టి లైసెన్సు అక్కర్లేదు. బిల్లు లేకుండా మాత్రం కొనొద్దు.

మాలాగా ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. షాపు ఏ ఊళ్లో ఉన్నా మన జిల్లా వినియోగదారుల కమిషన్లోనే కేసు వేయొచ్చు. కొన్నది ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. వాట్సాప్ చాట్ డిలీట్ చేయకండి, మాకు ఇప్పుడు అదే ఆధారం.

ఈ చుట్టుపక్కల ఎవరైనా పొడుగు పిల్లవాడికి చెక్క స్టాక్ రైఫిల్ బేరమాడుతుంటే అడ్వాన్స్ కట్టేముందు మెసేజ్ పెట్టండి. కావలికి పిల్లవాణ్ణి తీసుకొస్తే మా రైఫిల్ భుజానికి పెట్టి చూపిస్తాం, జాకెట్ వెంట తెచ్చుకోండి.