అమెరికా గోల్డ్ ఐఆర్ఏ: కుదువకు పనికిరాని బంగారం

నెల్లూరు ఆచారి వీధిలో కొన్న బంగారం మెడలోకి వస్తుంది, అవసరం పడితే బ్యాంకులో కుదువకూ వెళ్తుంది. అమెరికాలో ఉద్యోగం చేసే పిల్లలు రిటైర్మెంటు ఖాతాలో కొనే బంగారం ఈ రెంటికీ పనికిరాదు. ఆ సంగతి తెలిసి తీసుకుంటే గోల్డ్ ఐఆర్ఏ (బంగారం ఉంచుకునే సొంత రిటైర్మెంటు ఖాతా) చెడ్డదేం కాదు.

"ఆ బిళ్లలు మనింటికి తెచ్చుకోవచ్చా నాయనా?" అని కావలిలోనో ఒంగోలులోనో అమ్మ అడిగితే, కుదరదనే చెప్పాలి. సరుకు కస్టోడియన్ (ఖాతాను చూసుకునే ఆర్థిక సంస్థ) అధీనంలో, వాల్టులో ఉండాలి. "ఎల్‌ఎల్‌సీ (చిన్న కంపెనీ) పెట్టి ఇంట్లోనే దాచుకోండి" అని అమ్మజూపేవాళ్లను నమ్మొద్దు. అలా ఇంట్లో పెట్టుకున్న అమెరికా ప్రభుత్వపు ఈగిల్ నాణేలను ఖాతాలోంచి తీసేసుకున్నట్టే లెక్కగట్టాలని 2021లో అమెరికా ట్యాక్స్ కోర్టు తేల్చింది. ఖాతాను అప్పుకు హామీగా పెట్టినా అంతే, పెట్టిన మేరకు తీసుకున్నట్టే లెక్క. దాని మీద పన్ను పడుతుంది, వయసు 59½ దాటకపోతే మరో 10 శాతం జరిమానా.

ఏ బంగారమైనా చెల్లదు. బంగారం 99.5 శాతం, వెండి 99.9, ప్లాటినం, పలాడియం 99.95 శాతం స్వచ్ఛత ఉండాలి. మన 916 నగలకు చోటే లేదు. 22 క్యారెట్ల దక్షిణాఫ్రికా నాణెం క్రూగరాండ్‌కూ లేదు. అమెరికన్ ఈగిల్ కూడా 22 క్యారెట్లే, కానీ చట్టమే దానికి మినహాయింపు ఇచ్చింది. ఒక ఔన్సు ఈగిల్ తూకం 33.93 గ్రాములు, అందులో మేలిమి 31.1 గ్రాములు. అంటే నాలుగు సవర్లకు కాస్త తక్కువ.

డబ్బు మార్చేటప్పుడే ఎక్కువమంది దెబ్బతింటారు. పాత కంపెనీ 401(కె)లోని, అంటే ఉద్యోగం తరఫున ఉన్న రిటైర్మెంటు ఖాతాలోని 50,000 డాలర్లను మీ పేరున చెక్కుగా తీసుకుంటే, పన్ను కింద 20 శాతం పట్టుకుని 40,000 చేతికిస్తారు. 60 రోజుల్లో పూర్తి 50,000 కొత్త ఖాతాలో వేయాలి, లోటు 10,000 సొంత జేబులోంచి. అందుకే చెక్కు మీ చేతికి రానివ్వకండి. కస్టోడియన్ నుంచి కస్టోడియన్‌కు నేరుగా పంపమని అడగండి. కొత్తగా వేసే సొమ్ముకు 2025లో పరిమితి 7,000 డాలర్లు, 50 నిండినవాళ్లకు 8,000 ఉండేది.

ఇక ఖర్చు. ఖాతా ఫీజు, వాల్టు అద్దె కలిపి ఏడాదికి 200 డాలర్లు అనుకుందాం. 10,000 ఖాతాకు అది 2 శాతం, లక్ష ఖాతాకు 0.2 శాతమే. కానీ అసలు కోత కొనుగోలు ధరకూ అమ్మకం ధరకూ మధ్య ఉంటుంది. నాణెంలోని బంగారం విలువ 4,000 ఉన్న రోజు డీలరు 4,200కు అమ్మి, అదే రోజు 3,950కి తిరిగి కొంటానంటే మొదటి రోజే దాదాపు 6 శాతం పోయింది. తరుగు, మజూరీ దగ్గర గంటసేపు బేరమాడే మనవాళ్లు ఇక్కడ అడగకుండా వదిలేయడం బాధగా ఉంటుంది. రెండు ధరలూ ఒకే రోజువి, రాతపూర్వకంగా తెప్పించుకోండి. ప్రూఫ్ నాణేలు (సేకరణ కోసం ప్రత్యేకంగా మెరుగుపెట్టినవి) అంటగడితే వద్దనండి, వాటికి ఈ తేడా ఇంకా ఎక్కువ.

చిన్న ఖాతాకు దీన్ని సిఫారసు చేయలేం. మామూలు ఐఆర్ఏలోనే బంగారు ఈటీఎఫ్ (షేరులా కొని అమ్మే బంగారు ఫండు) కొనొచ్చు. అలాంటి ఫండ్లలో జీఎల్‌డీకి ఏడాది ఖర్చు 0.40 శాతం, జీఎల్‌డీఎమ్‌కు 0.10. వాల్టు అద్దె విడిగా కట్టక్కర్లేదు, అమ్మడానికి ఒక్క నిమిషం చాలు. లోహమే కావాలనుకునేవాళ్లకు, పైగా లక్ష డాలర్ల పైన ఉన్నవాళ్లకు మాత్రమే గోల్డ్ ఐఆర్ఏ గిట్టుతుంది.

అలా కొన్నా పెద్ద కడ్డీలు కొనొద్దు. ట్రెడిషనల్ ఐఆర్ఏలో (తీసేటప్పుడు పన్ను కట్టే రకం) 1960లో, ఆ తర్వాత పుట్టినవాళ్లు 75 ఏళ్ల నుంచి ఏటా కొంత తప్పనిసరిగా తీయాలి. కడ్డీని ముక్క కోసి ఇవ్వరు. ఒక ఔన్సు నాణేలైతే కావలసినన్ని అమ్ముకోవచ్చు. మరో ట్రెడిషనల్ ఐఆర్ఏలో నగదు ఉంటే ఆ ఏటి మొత్తం దాన్నుంచే తీసి, బంగారాన్ని కదపకుండా ఉంచుకోవచ్చు.