చుక్కలు వేసే ముందు అద్దం పెట్టి చూశారు

మాది గజపతినగరం దగ్గర పల్లె. అమ్మకు 66 ఏళ్లు, రెండు కళ్లలోనూ శుక్లాలు. ఈమధ్య విజయనగరంలో ఒక కంటి ఆసుపత్రిలో కుడి కంటికి ఆపరేషన్ చేయించాం. తిట్టాల్సినవి కూడా ఉన్నాయి కాబట్టి ఆసుపత్రి పేరు రాయడం లేదు.

అంతకుముందు వేరేచోట చూపిస్తే టార్చి వేసి చూసి "పొర ముదిరింది, తీసేద్దాం" అన్నారు, అంతే. ఇక్కడ మాత్రం కంటిపాప పెద్దదయ్యే చుక్కలు నర్సు వేయబోతుంటే డాక్టరమ్మ ఆపారు. "ఉండమ్మా, ముందు మామ్మ కంట్లో కోణం చూడాలి" అని తిమ్మిరి చుక్క వేసి, లైటు తగ్గించి, చిన్న అద్దాలున్న లెన్సు కంటికి ఆనించి చూశారు. కోణం, అంటే కంట్లో నీరు బయటికి పోయే మూల, బాగా ఇరుకు. కంటి ప్రెషర్ 26 ఉంది, మామూలుగా 10 నుంచి 21 లోపు ఉండాలి. ఇలాంటి కంట్లో ఆ చుక్కలు వేస్తే దారి ఒక్కసారిగా మూసుకుపోయే ప్రమాదం ఉందట. మా పెద్దమ్మకు నీటికాసులతో (గ్లాకోమా, కంటి నరం దెబ్బతినే జబ్బు) ఒక కన్ను పోయిన సంగతి కూడా ఆవిడే అడిగి రాబట్టారు. అమ్మ అయితే చెప్పేది కాదు.

కంట్లో ఊరే నీరు నల్లగుడ్డు అంచున ఉన్న జల్లెడలాంటి దారిలోంచి బయటికి పోతుంది. వయసు పెరిగేకొద్దీ సొంత లెన్సు లావెక్కి, ముందున్న తెరను (కంటిపాప చుట్టూ రంగుగా కనిపించేది) నెట్టి ఆ మూలను ఇరికిస్తుంది. ఇది విని అమ్మ, "మదుముకి గుర్రపుడెక్క అడ్డం పడినట్టా?" అంది. మదుము అంటే మా వైపు చెరువు తూము. డాక్టరమ్మ నవ్వి, అదేనన్నారు. నాలుగైదు మిల్లీమీటర్ల లెన్సు తీసి, సుమారు ఒక మిల్లీమీటరు మందమున్నది పెడితే తెర వెనక్కి జారి దారి తెరుచుకుంటుంది. కానీ తెర ఇప్పటికే జల్లెడకు అతుక్కుపోయిన చోట తెరుచుకోదు, దెబ్బతిన్న నరం మళ్లీ బాగుపడదు.

ఆ తెరకు లేజరుతో చిల్లు పెడితే సరిపోదా అని అడిగాను. కోణం మూసుకుపోయి ప్రెషర్ పెరిగినవాళ్లు 419 మందితో చేసిన పరిశోధన 2016లో వచ్చిందట. శుక్లం లేనివాళ్లలో కూడా లేజరు కంటే లెన్సు తీయడమే మెరుగని తేలిందట. అమ్మకు పొర ఎలాగూ ఉంది కాబట్టి నేనిక వాదించలేదు.

ఇక తిట్లు. కౌంటర్లో కుర్రాడు దూరం, దగ్గర రెండూ కనిపించే ఖరీదైన లెన్సు అంటగట్టాలని చూశాడు. డాక్టరమ్మ వద్దన్నారు. నీటికాసుల ముప్పున్న కంటికి అది పెడితే మసక వెలుతురులో చూపు ఇంకా తగ్గొచ్చట. ఆ మాట కౌంటర్‌కి కూడా చెప్పి ఉంచాలి కదా!

అంతకన్నా కోపం వచ్చింది ఆపరేషన్ రాత్రి. కన్ను బరువు, తలనొప్పి, అమ్మకు నిద్రే లేదు. నాకు ఒకటే టెన్షన్. పొద్దున్నే తీసుకెళ్తే ప్రెషర్ 32. ఆపరేషన్‌లో వాడే జెల్లీ కాస్త మిగిలిపోతే మొదటి రోజు ఇలా పెరుగుతుందని, మాత్ర ఇస్తే తగ్గుతుందని తీరిగ్గా చెప్పారు. తగ్గింది కూడా. ఆ ముక్క ముందురోజు ఇంటికి పంపేటప్పుడే కాగితం మీద రాసిస్తే మాకు ఆ రాత్రి అలా గడిచేది కాదు.

నెల తర్వాత ప్రెషర్ 14. మళ్లీ అద్దం పెట్టి చూసి, కోణం చాలావరకు తెరుచుకుందన్నారు. కింద ఒక పక్క మాత్రం అతుక్కునే ఉంది. అందుకే రాత్రిపూట ఒక చుక్క, మూడు నెలలకోసారి చూపించుకోవడం తప్పవు. పొర తీసేశారుగా, ఇంకెందుకని అమ్మ గొణుగుతూనే ఉంది.

సంక్రాంతి వెళ్లాక ఎడమ కన్ను కూడా ఆవిడ దగ్గరే చేయిస్తాం. ఈసారి కౌంటర్ దగ్గరికి నేనే వెళ్తాను.